యానిమేషన్ సినిమాల్లో మనల్ని ఏడిపించేది బొమ్మా, బాణీయా?

రెండోఆట
చాలాకాలంగా ఉన్న అనుమానం ఇది. 'అప్' (2009) మొదట్లో కార్ల్, ఎల్లీల పెళ్లి నుంచి ముసలితనం దాకా నాలుగు నిమిషాల్లో చూపించే భాగం ఉంది కదా. అందులో ఒక్క మాట ఉండదు. చూసినవాళ్లలో కళ్లు తుడుచుకోనివాళ్లు తక్కువ. నిన్న అదే భాగం సౌండ్ మ్యూట్ చేసి చూశాను. కథంతా అర్థమైంది, జాలి కూడా వేసింది. కానీ గొంతు పూడుకుపోలేదు.

అంటే అసలు పని చేసింది సంగీతమేనా? అలాగైతే ఇది ఒకరకం మోసం కాదా? నటుడు లేడు, నిజమైన ముఖం లేదు, గీసిన బొమ్మ. వెనకాల వయొలిన్ పెట్టి ఏడిపించేస్తున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి. "పిల్లల సినిమాకి ఇంత ఆలోచనెందుకు" అనేవాళ్లు దయచేసి వేరే థ్రెడ్ చూసుకోండి.

శ్రుతిలయ
రెండోఆట గారూ, మీ ప్రయోగం సగమే అయింది. మిగతా సగం కూడా చేయండి. ఆ సినిమా చూడనివాళ్లకి ఆ బాణీ ఒక్కటే వినిపించి ఎలా ఉందో అడగండి. హుషారుగా ఉందంటారు. నా దగ్గర పాట నేర్చుకునే పిల్లలకి వినిపిస్తే ఒకమ్మాయి లేచి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. అది వాల్ట్జ్ మరి. మూడేసి మాత్రల నడక, డాన్స్ కోసం పుట్టిన లయ. అందులో ఏడుపు ఎక్కడా లేదు.

సంగీత దర్శకుడు మైఖేల్ జకీనో చేసిన పనల్లా ఆ సంతోషపు బాణీని ఎల్లీకి అతికించడం. కొత్త ఇల్లు, పిక్నిక్కులు, రోజూ టై కట్టడం, అన్నిటికీ అదే బాణీ. ఎల్లీకి జబ్బు చేసేసరికి వాద్యాలన్నీ తప్పుకుంటాయి, పియానో ఒక్కటే మిగులుతుంది. స్వరాలు అవే, నడక మాత్రం నెమ్మదిస్తుంది. చాలాసేపటి తర్వాత కార్ల్ ఎల్లీ పాత ఆల్బమ్ తెరిచి, ఖాళీగా ఉంటాయనుకున్న పేజీల్లో పెళ్లి నుంచి తాము కలిసి గడిపిన రోజుల ఫొటోలు చూస్తాడు చూడండి, అక్కడ మళ్లీ వస్తుంది. సినిమాలో ఎల్లీ మనకి కనిపించేది మొదటి కొద్ది నిమిషాలే. ఆ తర్వాత ఆమె పాత్రని మోసింది ఆ బాణీయే. కాబట్టి "సంగీతం ఏడిపించింది" అనే మాటకి నేను ఒప్పుకోను. ఆ సంగీతానికి మనం ముందే ఒక మనిషిని ముడివేసుకున్నాం, అందుకని ఏడుస్తాం. ఆ సంగీతానికి ఆస్కార్ కూడా వచ్చింది.

సినిమాపిచ్చోడు
ఆఫీసులో కూర్చుని ఉన్నానండీ. ఆ ఆల్బమ్ సీన్ ఇప్పుడు గుర్తుచేయాలా?

కీఫ్రేమ్
నేను బొమ్మల పక్షం. ఈ రంగంలోనే పనిచేస్తున్నాను కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

మ్యూట్‌లో చూసినా కథంతా అర్థమైంది, జాలి వేసింది అన్నారు చూడండి, అదేమీ చిన్న విషయం కాదు. కార్ల్‌ని మొత్తం చతురస్రంగా గీశారు. తల, కళ్లజోడు, వేళ్లు, కూర్చునే కుర్చీ, అన్నీ పలకలే. ఎల్లీ అంతా గుండ్రం. ఆమె కుర్చీ కూడా గుండ్రమే. ఆమె పోయాక ఆ రెండు కుర్చీల్లో ఒకటి ఖాళీగా పక్కనే ఉంటుంది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, ఇంట్లో ఎవరు లేరో కంటికి తెలిసిపోతుంది. బెలూన్లు కూడా గుండ్రమేనని తర్వాత గమనించండి.

ఇంకా వెనక్కి వెళ్తే, పెద్ద తల, పెద్ద కళ్లు, బొద్దు బుగ్గలు చూస్తే మనలో సాకాలనే తపన పుడుతుందని జంతువుల ప్రవర్తనని చదివిన శాస్త్రవేత్త కాన్‌రాడ్ లోరెంజ్ 1943లోనే రాశాడు. పసిపిల్లలకీ కుక్కపిల్లలకీ ఉండే పోలికలు అవే. యానిమేషన్ వాళ్లు దాన్ని తెలిసీ వాడారు, తెలియకా వాడారు. 'ది లయన్ కింగ్'లో సింహం సింబా పిల్లగా ఉన్నప్పుడు అంతా మెత్తని వంపులు. విలన్ స్కార్ ముఖం అంతా కోణాలు, సన్నటి గడ్డం. వాడు నోరు విప్పకముందే వాడంటే పడదు మనకి.

అయితే ముద్దుగా ఉంటేనే సరిపోదు. 'లక్సో జూనియర్' (1986) చూడండి, రెండు టేబుల్ ల్యాంపులు. కళ్లు లేవు, నోరు లేదు. అయినా చిన్న ల్యాంపు బంతి పగలగొట్టి తల దించుకుంటే మనకి అర్థమైపోతుంది. అక్కడ పని చేసింది కదలిక, బరువు, ఎంతసేపు ఆగి తల తిప్పింది అన్న టైమింగ్. మా వాళ్లు నేర్చుకునే మొదటి పాఠం అదే.

రెండోఆట
కుర్చీల సంగతి నేను ఎప్పుడూ గమనించలేదు. సరే. కానీ ఇద్దరూ కలిసి నా అనుమానాన్నే బలపరుస్తున్నారు. ఆకారాలు లెక్క ప్రకారం, బాణీ లెక్క ప్రకారం. నా కన్నీళ్లు కూడా వాళ్ల లెక్కలోనివే అన్నమాట.

పాతరీలు
లెక్క ఇప్పటిది కాదు నాయనా. 1928లో 'స్టీమ్‌బోట్ విల్లీ' వచ్చినప్పుడే బొమ్మ అడుగుకీ తాళానికీ ముడిపెట్టారు. బొమ్మ మెట్టు దిగితే స్వరం దిగుతుంది, బొమ్మ జారిపడితే స్వరం జారిపడుతుంది. ఆ పద్ధతికి మికీ మౌసింగ్ అని పేరే స్థిరపడింది. ఇప్పటి సంగీతకారులు ఆ మాటని కొంచెం తిట్టులాగా వాడతారు, కానీ నవ్వు పుట్టించడానికి అంతకన్నా సూటి దారి లేదు.

ఏడుపు సంగతికొస్తే 'డంబో' (1941) తీసుకోండి. సినిమా మొత్తంలో కథానాయకుడు ఒక్క మాట మాట్లాడడు. తల్లిని బోనులో కట్టేస్తారు. పిల్లవాడు బయట. తల్లి ఏనుగు కమ్మీల సందులోంచి తొండం చాపి ఊయల ఊపుతుంది. తెర వెనక నుంచి జోలపాట వినిపిస్తుంది. తల్లి నోరు కదపదు, ఎవరిదో గొంతు ఆమె మనసు పాడుతుంది, అంతే. ఎనభై ఏళ్లు దాటినా ఆ కిటుకు చెక్కుచెదరలేదు.

తర్వాతి ఏడాది 'బాంబీ'. తల్లిని చంపడం తెర మీద చూపించరు. పరుగు, తుపాకీ చప్పుడు, ఆ తర్వాత మంచు. జింకపిల్ల అమ్మని పిలుస్తూ తిరుగుతుంది. అప్పటిదాకా తరుముతున్న సంగీతం తుపాకీ పేలాక తగ్గిపోతుంది. ఇక అది అయిన వెంటనే ఏం వస్తుందో గుర్తుందా? వసంతం, పక్షులు, గంతులేసే పాట! ఇంత దుఃఖం మీద ఆ పాట ఏంటని చాలామంది విసుక్కుంటారు. నా లెక్కలో అది పిల్లల ఊపిరి తిప్పడానికి పెట్టిందే. హాల్లో అయిదేళ్ల పిల్లలున్నారని తీసినవాడికి తెలుసు.

గరళకంఠ
ఆ వసంతం పాటని సమర్థించిన మొదటి మనిషి మీరే సార్. నాకైతే ఇప్పటికీ చిరాకే.

పాపాయిఅమ్మ
పిల్లల తరఫున ఒక మాట. మా పాపకి భయమేస్తే కళ్లు మూసుకోదు, చెవులు మూసుకుంటుంది. చెవులు మూసుకుని బొమ్మ మాత్రం చక్కగా చూస్తుంది! భయం ఎటునుంచి వస్తోందో దానికి మనకన్నా బాగా తెలుసు.

ఇంకోటి, 'అప్' మొదటి భాగంలో మా ఇంట్లో ఏడ్చింది పెద్దవాళ్లమే. పాప "ఇల్లు ఎప్పుడు ఎగురుతుంది" అని అడుగుతూ కూర్చుంది. 'ఇన్‌సైడ్ అవుట్' (2015)లో బింగ్ బాంగ్ అనే ఊహాస్నేహితుడి దగ్గరా అంతే. అది తుడిచిపెట్టుకుపోతే పాప "మళ్లీ వస్తాడులే" అంది. నేను మాత్రం, చిన్నప్పటి ఊహల్ని మర్చిపోయిన మనిషిని కదా, లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. ఒకే బాణీ, ఒకే బొమ్మ, పక్కపక్క కుర్చీల్లో రెండు వేరే సినిమాలు నడుస్తున్నాయి. కుటుంబ సినిమా అంటే ఇదేనేమో. కాబట్టి రెండోఆట గారూ, లెక్క అంత కచ్చితమైనదైతే అందరికీ ఒకచోటే ఏడుపు రావాలిగా?

రెండోఆట
ఇది మంచి పాయింట్. దీనికి జవాబు ఆలోచించాలి.

శ్రుతిలయ
పాపాయిఅమ్మ గారి మాటకి 'కోకో' (2017) కన్నా మంచి ఉదాహరణ లేదు. అందులో అసలు పాట ఒక్కటే, మూడు ప్రధాన సందర్భాల్లో వస్తుంది. ఈ పాఠం నేను క్లాసులో చెబుతుంటాను కాబట్టి కాస్త పొడుగవుతుంది.

మొదటిసారి ఎర్నెస్టో అనే స్టార్ వేదిక మీద పాడతాడు. బ్యాండు, డాన్సర్లు, మెరుపులు. "నన్ను గుర్తుపెట్టుకో" అనే మాట అక్కడ అభిమానులకి చెప్పే డాబు మాట. మనం కూడా కాలు ఊపుతూ వింటాం, మనసుకి ఏమీ తగలదు. తగలకూడదు కూడా. సినిమా కావాలనే ఆ పాటని మన దగ్గర చవక చేసి పెట్టింది.

రెండోసారి హెక్టర్ తన చిన్నారి కూతురికి పాడతాడు. ఒక గిటారు, నెమ్మదైన నడక, దాదాపు గుసగుస. అవే మాటలు. ఇక్కడ తెలుస్తుంది, ఇది అసలు జోలపాట, దూరం వెళ్తున్న నాన్న పిల్లకి ఇచ్చిన ధైర్యం. ఎర్నెస్టో దొంగిలించింది పాటని మాత్రమే కాదు, దాని వేగాన్ని పెంచి అర్థాన్ని కూడా చెరిపేశాడు. కథలో ఉన్న దొంగతనాన్ని సంగీతం ముందే మన చెవిలో చేసి చూపించింది!

మూడోసారి మిగెల్ అనే పిల్లాడు, మతిమరుపులోకి జారిపోతున్న తన ముత్తవ్వ ఎదుట కూర్చుని పాడతాడు. హెక్టర్ చిన్నారి కూతురు ఆమే. పిల్లాడి గొంతు వణుకుతూ ఉంటుంది. ఇప్పుడు "గుర్తుపెట్టుకో" అనేది వేడుకోలు. ఆమె వేళ్లు కదులుతాయి, తర్వాత ఆమె కూడా గొంతు కలుపుతుంది. అక్కడ ఏడవనివాళ్లని నేను చూడలేదు, మా క్లాసులోని అల్లరి పిల్లలతో సహా. క్రిస్టెన్ ఆండర్సన్-లోపెజ్, రాబర్ట్ లోపెజ్ దంపతులు రాసిన పాట ఇది, ఆస్కార్ వచ్చింది.

ఇక్కడ చాలామంది అనే "మేజర్ అయితే సంతోషం, మైనర్ అయితే దుఃఖం" అన్న సూత్రాన్ని కూడా పక్కన పెట్టాలి. మేజర్ స్కేల్ అంటే మన శంకరాభరణం స్వరాలే, సహజ మైనర్ నఠభైరవి స్వరాలు. శంకరాభరణంలో కన్నీళ్లు పెట్టించే పాటలు విననివాళ్లెవరు? స్కేలు సగం పనే చేస్తుంది. వేగం, గొంతు, ఎన్ని వాద్యాలు, ముందు ఎక్కడ విన్నాం అన్నవి మిగతాదంతా చేస్తాయి.

గరళకంఠ
అందరూ సంగీతం ఎలా పెట్టారో చెబుతున్నారు, ఎక్కడ పెట్టలేదో కూడా చూడాలి కదా. నాకు చాలా యానిమేషన్ సినిమాల్లో విసుగు పుట్టించేది ఆపకుండా వాయించడం. పాత్ర తలుపు తీస్తే ఒక తీగ, తలుపు వేస్తే ఒక డప్పు. మనం ఏమనుకోవాలో ప్రతి క్షణం చెవిలో చెబుతూనే ఉంటారు.

జపాన్ యానిమేషన్ దర్శకుడు మియాజాకి సినిమాలు చూస్తే తేడా తెలుస్తుంది. 'మై నైబర్ టొటోరో' (1988)లో బస్‌స్టాప్ సీన్. చీకటి, వాన, గొడుగు పట్టుకుని నాన్న కోసం నిలబడ్డ అక్క, వీపు మీద నిద్రపోతున్న చెల్లి. ఎక్కువసేపు వాన చప్పుడే. పక్కన ఆ పెద్ద జంతువు వచ్చి నిలబడ్డప్పుడు కూడా హడావిడి ఉండదు. మనకి భయమా, నవ్వా, ఆశ్చర్యమా అన్నది ఆయన మనకే వదిలేశాడు. రెండు చప్పట్ల మధ్య ఉండే ఖాళీని జపనీయులు 'మా' అంటారని, అది లేకపోతే అంతా ఉరుకులే అని ఆయన సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్‌కి చప్పట్లు కొట్టి మరీ వివరించాడు.

తమాషా ఏంటంటే, ఆయనదే 'లపుటా: కాజిల్ ఇన్ ది స్కై' (1986)ని డిస్నీ ఇంగ్లీషులోకి డబ్ చేయించినప్పుడు సంగీతం చాలట్లేదనుకున్నారు. అసలు సంగీత దర్శకుడు జో హిసాయిషి చేతే మళ్లీ రాయించి పెంచారు. బొమ్మలు అవే, కథ అదే, నిశ్శబ్దం మాత్రం నింపేశారు. రెండు వెర్షన్లూ చూడండి. మొదటిదాంట్లో ఆకాశం పెద్దదిగా అనిపిస్తుంది నాకు.

సినిమాపిచ్చోడు
గరళకంఠ గారు మియాజాకి పేరు ఎత్తకుండా ఒక్క థ్రెడ్ కూడా దాటనివ్వరు 😀

గరళకంఠ
ఎత్తను, మీరు మంచి సినిమాలు చూడటం మొదలుపెట్టిన రోజు.

కీఫ్రేమ్
అసలు "బొమ్మా, బాణీయా" అని విడదీయడంలోనే ఇబ్బంది ఉంది. తెర వెనక ఆ రెండూ విడిగా తయారుకావు.

పాటలున్న సినిమా అయితే ముందు పాట రికార్డు చేస్తారు, తర్వాత ఆ గొంతుకి బొమ్మ కదిలిస్తాం. గాయని ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ పాత్ర భుజం లేవాలి. నేపథ్య సంగీతం దీనికి తిరగేసి ఉంటుంది, బొమ్మ చాలావరకు అయ్యాక దాని మీద రాస్తారు. ఈలోపు నెలల తరబడి గీతల బొమ్మలనే వరసగా పేర్చి, ఏదో ఒక అరువు సంగీతం వేసుకుని చూస్తూ, నచ్చని సీన్లు పీకేస్తూ ఉంటాం.

పాట పాత్రనే మార్చేసిన సందర్భం కూడా ఉంది. 'ఫ్రోజెన్' (2013)లో ఎల్సాని మొదట విలన్‌గా రాసుకున్నారు. లోపెజ్ దంపతులు ఆమె కోసం 'లెట్ ఇట్ గో' రాసుకొచ్చారు. అది విన్నాక ఈ పాట పాడేది చెడ్డమనిషి కాదు, భయపడ్డ మనిషి అని అర్థమై కథనే తిరగరాశారు. ఇక్కడ ఏది దేన్ని నడిపించిందంటారు?

'ది లిటిల్ మెర్మెయిడ్' (1989)లో ఏరియల్ తన కోరిక చెప్పుకునే పాట ఉంది. పరీక్ష కోసం వేసిన షోలో పిల్లలు అటూఇటూ కదులుతున్నారని దాన్ని తీసేయమన్నాడు స్టూడియో పెద్ద జెఫ్రీ కాట్జెన్‌బర్గ్. పాట రచయిత హోవార్డ్ ఆష్మన్, యానిమేటర్ గ్లెన్ కీన్ పట్టుబట్టి ఉంచారు. నాటకరంగం నుంచి వచ్చిన ఆష్మన్‌కి ఒక సంగతి బాగా తెలుసు: మొదటి అరగంటలో కథానాయిక తనకేం కావాలో పాడి చెప్పకపోతే మిగతా గంటసేపు ప్రేక్షకుడు ఆమె కోసం ఎదురుచూడడు. ఆ పాట లేకుండా ఏరియల్ని ఊహించుకోండి, ఇంట్లోంచి పారిపోయిన మొండిపిల్లలా కనిపిస్తుంది.

పాతరీలు
విలన్లు కూడా పాడతారుగా! నిజం చెప్పాలంటే వాళ్ల పాటలే బాగుంటాయి. హీరోయిన్ ఆకాశం చూసి పాడితే, విలన్ మన కళ్లలోకి చూసి పాడతాడు.

సినిమాపిచ్చోడు
+1. స్కార్ పాట. ఇక చర్చ అనవసరం.

పాపాయిఅమ్మ
ఉర్సులా పాట విన్నాక మాట్లాడండి.

రెండోఆట
దారి తప్పకండి. శ్రుతిలయ గారి సూత్రం మీద నాకో అభ్యంతరం ఉంది. ముందు విన్న బాణీ మళ్లీ వస్తేనే ఏడుపు అన్నారు. మరి 'టాయ్ స్టోరీ 2' (1999)లో జెస్సీ అనే ఆటబొమ్మ పాట? ఆమె అప్పుడే పరిచయమైన పాత్ర. పాట అంతకుముందు వినలేదు. మూడు నిమిషాల్లో ఏడిపించి పంపారు. ఇందులో ముందే వేసిన ముడి ఎక్కడుంది?

శ్రుతిలయ
మంచి ప్రశ్న. ముడి పాట లోపలే ఉంది. రాండీ న్యూమన్ ఆ పాటని గతం చెప్పుకునే పాటగా కట్టాడు. మొదట్లో పల్లవి వస్తున్నప్పుడు జెస్సీ యజమాని అయిన అమ్మాయి, జెస్సీ కలిసి ఆడుకుంటుంటారు. మధ్యలో బొమ్మ మంచం కిందకి దొర్లిపోతుంది, అమ్మాయి పెద్దదవుతుంది. మళ్లీ అదే పల్లవి వచ్చేసరికి జెస్సీ ఎవరికో ఇచ్చేసే అట్టపెట్టెలో ఉంటుంది. సినిమా అంతా పట్టే పనిని పాట ఒక్కటే ముగించింది. మూడు నిమిషాలే అయినా అందులో ఏళ్లు గడిచాయి.

ఇంకోటి గమనించండి. పాడేది జెస్సీ కాదు. జెస్సీకి మాటలు చెప్పింది జోన్ కుసాక్, ఈ పాట పాడింది సారా మెక్‌లాక్లన్. మాట్లాడితే గలగలమనే పాత్ర ఇక్కడ కిటికీ దగ్గర నోరు మూసుకుని కూర్చుంటుంది. పాతరీలు గారు చెప్పిన డంబో తల్లిలాగే. పాత్ర తనే గొంతెత్తి పాడి ఉంటే అది ఫిర్యాదులా ఉండేదని నా నమ్మకం.

గరళకంఠ
అయినా మోసం ప్రశ్న అలాగే ఉంది. నా గీటురాయి ఒకటే: సంగీతం తీసేస్తే ఆ సీన్‌లో ఇంకేమైనా మిగులుతుందా? ఈ థ్రెడ్‌లో చెప్పుకున్నవాటన్నిట్లో మిగులుతుంది. మిగలని సినిమాలు బోలెడున్నాయి, వాటి పేర్లు ఎవరికీ గుర్తులేవు కాబట్టి ఎవరూ చెప్పట్లేదు.

కీఫ్రేమ్
దీనికి ఒప్పుకుంటాను. 'హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్' (2010)లో హికప్ అనే కుర్రాడు, టూత్‌లెస్ అనే డ్రాగన్ మొదటిసారి దగ్గరయ్యే సీన్ సౌండ్ లేకుండా చూడండి. మాటలు ఎలాగూ లేవు. డ్రాగన్ కొమ్మ పట్టుకుని నేల మీద గీతలు గీస్తుంది, వీడు గీత తొక్కితే గుర్రుమంటుంది, కాలు తీస్తే ఊరుకుంటుంది. పిల్లితో స్నేహం చేసినవాళ్లకి ఆ బేరం తెలుసు. చివరికి వీడు ముఖం పక్కకి తిప్పి చెయ్యి చాపుతాడు. చూడకుండా చాపుతాడు, గమనించారా? ఆ ఒక్క భంగిమ చాలు. జాన్ పావెల్ సంగీతం కూడా చిన్న చిన్న చప్పుళ్లతో మొదలై, వాళ్లిద్దరి మధ్య దూరం తగ్గేకొద్దీ పెరుగుతుంది. తోసుకుని ముందుకు రాదు.

పాపాయిఅమ్మ
రాసేవాళ్ల బాధ నిజమైనదైనా మోసమేనా? 'ది లయన్ కింగ్' (1994) సంగీతం చేసిన హాన్స్ జిమ్మర్ తన చిన్నతనంలోనే నాన్నని పోగొట్టుకున్నాడు. ముఫాసా చనిపోయే చోట రాసింది ఒకరకంగా తన నాన్న కోసమేనని ఆయనే చెప్పాడు. సింబా వెళ్లి తండ్రి కాలి కింద దూరి పడుకుంటాడు కదా, అక్కడ నాకు లెక్కలేమీ కనిపించవు.

రెండోఆట
ఆయన బాధ నిజమే, కాదనను. కానీ ఆ బాధని తెచ్చి ఏ సెకనులో పెట్టాలో లెక్క చూసుకునే పెట్టారు. నేను మోసం అన్న మాటని వెనక్కి తీసుకోను, కానీ ఇంత ఒళ్లు దాచుకోకుండా పనిచేసిన మోసానికి టికెట్ కొనడానికి నాకేం అభ్యంతరం లేదు. ఈ వారం 'వాల్-ఈ' (2008) మ్యూట్‌లో చూడబోతున్నాను. అందులో 'హలో, డాలీ!' అనే పాత సినిమా పాటలు వాడారు కదా, అంటే వాళ్లది కాని బాణీ. ముడి సిద్ధాంతం అక్కడ నిలబడుతుందో లేదో చూస్తా.

శ్రుతిలయ
నిలబడుతుంది. ఆ పాత సినిమా మీరు చూడకపోయినా, వాల్-ఈ అనే ఆ రోబో చూస్తాడు. వాడు ఆ వీడియో టేపు చూస్తూ తన రెండు చేతుల్నీ ఒకదానితో ఒకటి పట్టుకుంటాడు చూడండి, ముడి అక్కడ పడుతుంది. కాకపోతే ఆ సినిమాని మ్యూట్‌లో చూడకండి. వాడి గొంతు, చక్రాల చప్పుడు, అన్నీ బెన్ బర్ట్ తయారుచేసిన శబ్దాలే. మ్యూట్ చేస్తే మీరు తీసేసేది సంగీతాన్ని కాదు, పాత్రలో సగాన్ని.

కీఫ్రేమ్
మిగతా సగం ఆ బైనాక్యులర్ కళ్లు. అవి మ్యూట్‌లో కూడా పనిచేస్తాయి, చూసుకోండి 😀

మోడరేటర్
విలన్ పాటల మీద ఇప్పటికే పక్కదారి పట్టిన పోస్టుల కోసం "స్కార్ వర్సెస్ ఉర్సులా" అని వేరే థ్రెడ్ తెరిచాను. పాతరీలు గారూ, సినిమాపిచ్చోడు గారూ, పాపాయిఅమ్మ గారూ, అక్కడికి రండి. రెండోఆట గారు వాల్-ఈ చూసొచ్చే దాకా ఈ థ్రెడ్ తెరిచే ఉంటుంది.